కీళ్ల జబ్బు ఫైల్లో కంటి పేజీ

కన్ను ఎర్రబడితే మన ఇళ్లలో మొదట వినపడే మాట "వేడి చేసింది" అని. మజ్జిగ ఎక్కువ తాగమంటారు, నందివర్ధనం పూలు తడిపి రెప్పల మీద పెట్టుకోమంటారు. రెండో రోజుకీ తగ్గకపోతే కళ్లకలక అయి ఉంటుందని మెడికల్ షాపులో చుక్కల మందు కొంటారు. మామూలు మనిషికి చాలాసార్లు అంతటితో సరిపోతుంది, ఎందుకంటే కళ్లకలక ఎక్కువగా దానంతట అదే తగ్గిపోతుంది. అదే కన్ను ఏళ్ల తరబడి కీళ్లవాతంతో బాధపడుతున్నావిడదైతే, చర్మాన్నీ కీళ్లనీ కిడ్నీలనీ పట్టే లూపస్‌కి మందులు వాడుతున్న అమ్మాయిదైతే, పొద్దున లేస్తూనే నడుం పట్టేసి అరగంటకు గానీ వంగలేని పాతికేళ్ల కుర్రాడిదైతే లెక్క వేరు. ఒంట్లో ఎప్పటినుంచో సాగుతున్న గొడవ కంటిదాకా వచ్చి ఉండొచ్చు.

సూక్ష్మక్రిముల మీద పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటినే పరాయిదనుకుని దాడి చేస్తే వచ్చేవి ఆటోఇమ్యూన్ జబ్బులు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం, లూపస్, కళ్లనీ నోటినీ ఎండబెట్టే షోగ్రెన్స్ సిండ్రోమ్, వెన్నెముకను పట్టే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, థైరాయిడ్‌ని పట్టే గ్రేవ్స్ జబ్బు అన్నీ ఈ కోవలోవే. వీటన్నిటికీ కంటితో ఏదో ఒక లంకె ఉంది. కానీ మన ఆస్పత్రుల్లో కీళ్లకి ఒక ఓపీ, కంటికి ఇంకో ఓపీ. కీళ్ల ఫైలు ఇంట్లో ఒక సంచీలో ఉంటుంది, కంటి చీటీ ఇంకో సంచీలో. మంచి మందులు ఇన్ని వచ్చాక కూడా చూపు దెబ్బతింటోందంటే, ఈ రెండు సంచీలూ ఒకే బల్ల మీద తెరుచుకోకపోవడమే దానికి పెద్ద కారణమనిపిస్తుంది.

నిజానికి కన్ను రోగనిరోధక వ్యవస్థకి కొంత దూరంగా, గడప లోపల పెట్టినట్టు ఉండే అవయవం. కంటి లోపలి కణాలకీ రక్తానికీ మధ్య గట్టి అడ్డుకట్ట ఉంటుంది. కుందేలు కంటి లోపల పరాయి కణజాలం పెడితే మిగతా ఒంట్లోలాగా వెంటనే తిప్పికొట్టడం లేదని 1940లలోనే బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడవార్ లాంటివాళ్లు గమనించి ఆశ్చర్యపోయారు. ఇంత సున్నితమైన చోట వాపు వస్తే చూపుకే ముప్పు కాబట్టి శరీరం అక్కడ పోరు జరగనివ్వదు. ఆ అడ్డుకట్ట తెగితే మాత్రం నష్టం ఎక్కువ. ఒక కంటికి లోతైన గాయమైతే, కొన్నాళ్లకి ఏ దెబ్బా తగలని రెండో కన్ను కూడా వాచి చూపు పోగొట్టుకునే జబ్బు ఒకటుంది. గాయమైన కంటిలోంచి బయటపడ్డ కణాలను రోగనిరోధక వ్యవస్థ మొదటిసారి చూసి శత్రువులనుకుంటుంది, వాటి పోలికతోనే రెండో కంటి మీద పడుతుంది. మూడేళ్ల వయసులో తండ్రి పనిచేసుకునే చోట ఆడుకుంటూ కంట్లో ఆరె గుచ్చుకున్న అంధుల లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిలీకి రెండో కంటి చూపు పోయింది కూడా ఇలాగే అయి ఉంటుందని వైద్యుల ఊహ.

పొడి కన్ను చిన్న జబ్బు కాదు

ఎక్కువ మందిని పీడించేదీ, అందరూ తేలిగ్గా తీసేసేదీ పొడికన్నే. 1933లో హెన్రిక్ షోగ్రెన్ అనే స్వీడన్ కంటి డాక్టరు 19 మంది ఆడవాళ్ల గురించి ఒక సిద్ధాంత గ్రంథం రాశాడు. వాళ్లందరికీ కళ్లు ఎండిపోయాయి. 13 మందికి కీళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. కళ్లు, నోరు, కీళ్లు కలిపి ఒకటే జబ్బు అని అతను చెప్పిన మాట అప్పటి పెద్దలకి ఆనలేదు. ఆ గ్రంథానికి తక్కువ గ్రేడు ఇచ్చారు, దాంతో యూనివర్సిటీలో పాఠం చెప్పే అర్హత రాలేదు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ జబ్బుని అతని పేరుతోనే పిలుస్తోంది. ఇది వచ్చేవాళ్లలో పదింట తొమ్మిది మంది ఆడవాళ్లే. కీళ్లవాతం, లూపస్ ఉన్నవాళ్లలో కూడా చాలామందికి ఇది తోడవుతుంది.

వాళ్లు చెప్పే బాధ దాదాపు ఒకేలా ఉంటుంది. కంట్లో ఇసుక పోసినట్టుంది, నలుసు పడిందేమోనని చూస్తే ఏమీ లేదు. పొద్దున రెప్పలు అతుక్కుపోతాయి. తాలింపు పొగకీ, బస్సు కిటికీ గాలికీ కళ్లు చుర్రుమంటాయి. వింతేమిటంటే కొందరికి నీళ్లు కూడా ధారగా కారతాయి. పొడికన్నయితే నీళ్లెందుకు కారతాయని ఇంట్లోవాళ్లు నమ్మరు. నల్లగుడ్డు ఎండి మంట పుట్టినప్పుడు ఒక్కసారిగా ఉబికే నీరది. కంటి మీద నిలబడి తడిగా ఉంచే కన్నీటి పొర వేరు. అందులో నూనె, నీరు, జిగురు మూడూ సరిపాళ్లలో ఉండాలి.

దీన్ని తేల్చే పరీక్ష చూస్తే ఇంత సులువా అనిపిస్తుంది. వేలెడు పొడవుండే సన్నటి వడపోత కాగితం పట్టీ. దాని కొస మడిచి కింది రెప్పకి తగిలిస్తారు. కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చోవాలి. కన్నీరు ఆ కాగితం మీద ఎంత దూరం పాకిందో స్కేలుతో కొలుస్తారు. మామూలు కంటికి 10 మిల్లీమీటర్లు దాటుతుంది. 5 లేదా అంతకన్నా తక్కువైతే కన్ను బాగా ఎండిపోయిందని లెక్క. పాత జబ్బున్నవాళ్లలో కొందరికి ఐదు నిమిషాల తర్వాత కూడా ఆ పట్టీ తీసినట్టే తీసి తిరిగి పెట్టెలో పెట్టుకోవచ్చనేంత పొడిగా ఉంటుంది. "కళ్లు కొంచెం మంటగా ఉంటాయి" అని నాలుగేళ్లుగా చెబుతున్న మనిషి పడుతున్న బాధ ఎంతో ఆ కాగితం చెబుతుంది.

ఇక మందులు. కృత్రిమ కన్నీటి చుక్కలు మొదటి మెట్టు. ఇక్కడొక ముఖ్యమైన సంగతి చాలామందికి చెప్పేవాళ్లు ఉండరు. సీసాలో చుక్కలు చెడిపోకుండా కలిపే నిల్వ మందు కూడా కంటిని కొరుకుతుంది. రోజుకి రెండు మూడు సార్లు వేసుకునేవాళ్లకి పరవాలేదు. ఆరు, ఎనిమిది సార్లు వేసుకోవాల్సి వస్తే నిల్వ మందు కలపని రకం అడగాలి. ఖరీదు కొంచెం ఎక్కువే, కానీ ఎప్పటికీ తగ్గని మంటకి కొన్నిసార్లు ఆ పాత సీసాయే కారణం. చుక్కలతో ఆగకపోతే కన్నీరు ముక్కులోకి జారిపోయే సన్నటి రంధ్రాలను చిన్న బిరడాలతో మూస్తారు, ఉన్న కన్నీరే ఎక్కువసేపు నిలుస్తుంది. వాపు తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు ఉన్నాయి. అవి వేసిన మొదటి వారాల్లో చుర్రుమంటాయి, గుణం కనపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈ ముక్క ముందే చెప్పకపోతే పదో రోజున సీసా చెత్తబుట్టలో పడుతుంది. కీళ్లవాతం ఉన్న పొడికంటికి నొప్పి తగ్గుతుందని డైక్లోఫెనాక్ లాంటి నొప్పి చుక్కలు సొంతంగా కొని వేసుకోవడం మాత్రం అసలు పనికిరాదు. అలాంటి కళ్లలో నల్లగుడ్డు కరిగి చిల్లు పడిన సందర్భాలు వైద్యులకి తెలుసు.

జలుబుకీ దురదకీ వేసుకునే అలర్జీ బిళ్లలు, కొన్ని నిద్ర, డిప్రెషన్ మందులు కళ్లను ఇంకా ఎండబెడతాయి. ఏసీ గాలి నేరుగా మొహానికి తగిలే చోట కూర్చోవడం, రెప్ప వేయకుండా గంటల తరబడి ఫోను చూడటం కూడా అంతే. షోగ్రెన్స్ ఉన్నవాళ్లలో కొద్దిమందికి చెంపల కింద గ్రంథులు గట్టిపడి లింఫోమా అనే క్యాన్సర్ రావచ్చు కాబట్టి వాపు తగ్గకుండా ఉంటే కంటి చుక్కలతో సరిపెట్టకుండా కీళ్లవాతం జబ్బులు చూసే రుమటాలజిస్ట్‌కి చూపించాలి.

నిద్ర లేపే నొప్పి

తెల్లగుడ్డు వాపు స్క్లెరైటిస్. ఇది ఎక్కువగా కీళ్లవాతం ముదిరినవాళ్లలోనూ, రక్తనాళాల వాపు జబ్బులు ఉన్నవాళ్లలోనూ వస్తుంది. కళ్లకలకలో మంట, పుసులు ఉంటాయి, పెద్దగా నొప్పి ఉండదు. ఇది అలా కాదు. కంటి లోతుల్లోంచి కణతకీ దవడకీ పాకే నొప్పి, అర్ధరాత్రి నిద్ర లేపేంత నొప్పి. ఎరుపు కూడా నేరేడు పండు ఛాయకి తిరుగుతుంది. దీనికి చుక్కల మందు చాలదు, నోటి మాత్రలో, సెలైన్‌లో ఎక్కించే మందులో కావాలి. కీళ్లవాతం ఉన్న మనిషికి తెల్లగుడ్డు పలచబడి లోపలి నలుపు కనపడుతున్నా, నల్లగుడ్డు అంచు తరిగిపోతున్నా అది కంటితో ఆగే సంగతి కాదు. ఒళ్లంతా రక్తనాళాలు వాస్తున్నాయేమోనని కిడ్నీలు, ఊపిరితిత్తులు వెంటనే చూడాలి. ఇలాంటప్పుడు కంటి డాక్టరు చేసే ఒక్క ఫోన్ కాల్ ప్రాణం నిలబెట్టగలదు.

ఎక్కువగా పొరబడేది మాత్రం యువియైటిస్ దగ్గర. కంటి లోపలి రంగు పొర వాపు ఇది. ఒకే కన్ను, ఉన్నట్టుండి ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి వలయం. పూరింటి కప్పులో చిన్న కన్నంలోంచి ఎండ పడితే ఆ కిరణంలో ధూళి రేణువులు తేలుతూ కనపడతాయి కదా. స్లిట్ లాంప్ అనే కంటి మైక్రోస్కోపు ముందు గడ్డం ఆనించి కూర్చున్న మనిషి కంట్లోకి సన్నటి వెలుగు పంపితే డాక్టరుకి అచ్చం అలాగే కనిపిస్తుంది. తేలుతున్న రేణువులన్నీ తెల్ల రక్తకణాలు. ఆరోగ్యంగా ఉన్న కంట్లో అక్కడ ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ చిన్న వెలుగు చతురస్రంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి 1+, 2+ అని చీటీలో రాస్తారు. జబ్బు తగ్గుతోందా లేదా అనేది ఎరుపుని బట్టి కాదు, ఈ అంకెని బట్టే తెలుస్తుంది. రోగికి ఈ సంగతి తెలియదు, అసలు చిక్కంతా అక్కడే. ఎరుపు నాలుగో రోజుకి పోతుంది, నొప్పీ పోతుంది, చుక్కలు ఆపేస్తారు. లోపల కణాలు ఇంకా తేలుతూనే ఉంటాయి. పది రోజుల్లో మళ్లీ తిరగబెడుతుంది, ఈలోగా కంటిపాప వెనకున్న కటకానికి అతుక్కుపోయి గుండ్రంగా ఉండాల్సింది వంకరటింకరగా మిగిలిపోతుంది. స్టెరాయిడ్ చుక్కలు మొదట గంటకోసారి, తర్వాత వారాల మీద తగ్గించుకుంటూ వేయాలి. కొన్ని రకాల సీసాలో మందు అడుక్కి దిగి ఉంటుంది, ప్రతిసారీ బాగా కుదపాలి. కుదపకుండా వేస్తే కంట్లో పడేది నీళ్లే. పాపను విప్పార్చే చుక్కలు కూడా ఇస్తారు, వాటితో చూపు మసకబారుతుందని చాలామంది భయపడి మానేస్తారు. అతుకు పడకుండా కాపాడేది ఆ చుక్కలే.

ఇలా వచ్చిపోయే యువియైటిస్ వెనక తరచూ ఉండేది నడుం నొప్పి. హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యువుకీ ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్‌కీ సంబంధం 1973లో బయటపడింది. ఈ రకం కంటి వాపుకీ అదే జన్యువుతో సంబంధం ఉంది. 2015లో వెలువడిన ఒక ఐర్లండ్ పరిశోధనలో, ఏ కారణమూ తెలియకుండా ఇలాంటి కంటి వాపుతో వచ్చినవాళ్లలో దాదాపు నూటికి 40 మందికి అప్పటిదాకా ఎవరూ గుర్తించని వెన్నెముక వాతం దొరికింది. కూర్చుని చేసే ఉద్యోగం వల్లా, బండి మీద తిరగడం వల్లా వచ్చిందనుకుని ఏళ్ల తరబడి నడుముకి బామ్‌లు రాసుకునే కుర్రాళ్లు మన దగ్గర ఎందరో. విశ్రాంతి తీసుకుంటే పెరిగి, నడిస్తే తగ్గే నడుం నొప్పి మామూలు నొప్పి కాదు. కన్ను చూపించుకోవడానికి వచ్చిన కుర్రాణ్ని "పొద్దున నడుం పట్టేస్తుందా?" అని అడగడానికి పట్టేది అర నిమిషం.

ఎర్రబడని కన్ను

పిల్లల విషయం ఇంతకన్నా బాధాకరం. చిన్నపిల్లలకి వచ్చే కీళ్లవాతంలో, ముఖ్యంగా ఏడేళ్ల లోపు మొదలై ఒకటి రెండు కీళ్లే వాచిన ఆడపిల్లల్లో, రక్తపరీక్షలో ఏఎన్‌ఏ (సొంత కణాల మీదే తిరగబడే యాంటీబాడీ) పాజిటివ్ వచ్చినవాళ్లలో యువియైటిస్ చప్పుడు చేయకుండా వస్తుంది. కన్ను తెల్లగానే ఉంటుంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. పాప ఆడుకుంటూనే ఉంటుంది. మోకాలి వాపు తగ్గింది కదా అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఒకరోజు బడిలో బోర్డు కనపడటం లేదని టీచరు చెప్పేసరికి శుక్లమో, నీటికాసులో, నల్లగుడ్డు మీద సున్నం పేరుకున్న పట్టీయో దాకా వచ్చేసి ఉంటుంది. కళ్లజోడు క్యాంపుల్లోనూ దీన్ని పట్టుకోలేరు. కంటి వాపు మొదలైన కొత్తలో చార్టులో అక్షరాలన్నీ సరిగ్గానే చదివేస్తారు. అందుకే ఈ పిల్లలకి బాధ ఉన్నా లేకపోయినా మూడు నెలలకోసారి స్లిట్ లాంప్ కింద చూడటం ప్రపంచమంతటా నియమం. ఫలితాలు 2017లో వెలువడిన ఒక బ్రిటన్ పరీక్షలో, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌తో పాటు వాపుని అణచే అడాలిముమాబ్ ఇంజెక్షన్ ఇచ్చిన పిల్లలకి ఎంత స్పష్టంగా మేలు కనిపించిందంటే, ఆ పరీక్షని ముందే ఆపేశారు. ఆ ఇంజెక్షన్‌కి బయోసిమిలర్, అంటే దాదాపు అదే తీరున పనిచేసే మందు, మన దేశంలో 2014 డిసెంబరులోనే వచ్చింది. మందు ఉంది. మోకాలు చూసిన డాక్టరు కంటి పరీక్ష రాయడం, రాసినప్పుడు అమ్మానాన్నలు తీసుకెళ్లడం, ఇవి రెండూ జరగాలి.

మందులే కంటికి చేసేది

కార్టిజోన్ మొదటిసారి 1948లో ఒక కీళ్లవాతం రోగికి ఇచ్చినప్పుడు మంచం దిగలేని మనిషి కొద్దిరోజుల్లో నడిచింది. దాన్ని కనుగొన్నవాళ్లకి 1950లో నోబెల్ వచ్చింది. స్టెరాయిడ్ ఇప్పటికీ ప్రాణాలు కాపాడే మందే. కానీ నెలల తరబడి వాడితే కటకం వెనక భాగంలో శుక్లం వస్తుంది. ఎండలో, ఎదురు లైట్లలో చూపు చెదురుతుంది. ఇంకోటి కంటి ప్రెషర్. అది 21 (మిల్లీమీటర్ల పాదరసం) దాటితే జాగ్రత్త పడాలి, కొందరికి స్టెరాయిడ్ మొదలుపెట్టిన వారాల్లోనే అది 30, 40 దాకా ఎగబాకుతుంది. నొప్పి ఉండదు. చూపు నరం మెల్లగా ఎండిపోతుంది, పోయింది తిరిగి రాదు. స్టెరాయిడ్ కలిసిన చుక్కల మందు చీటీ లేకుండా కొని, ఎరుపొచ్చినప్పుడల్లా రెండు చుక్కలు వేసుకునే అలవాటు ఇందుకే ప్రమాదం.

హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 2020లో కరోనా పుణ్యమా అని దేశమంతా ఈ పేరు విన్నది, అసలు వాడుకోవాల్సిన లూపస్ రోగులకి షాపుల్లో దొరక్క టెన్షన్ పడింది కూడా అప్పుడే. చాలా మంచి మందు. గర్భంతో ఉన్నప్పుడు కూడా వాడొచ్చు. భయమల్లా ఏళ్ల తరబడి వాడితే రెటీనా అనే కంటి తెర నడిబొడ్డు దెబ్బతింటుందని. ఆ భయం ఎంత అవసరమో లెక్క చూడాలి. ఒంటి బరువు కిలోకి రోజుకి 5 మిల్లీగ్రాములు మించకుండా వాడితే మొదటి ఐదేళ్లలో ప్రమాదం నూటికి ఒకటి కన్నా తక్కువ, పదేళ్లకి రెండు కన్నా తక్కువ. ఇరవై ఏళ్లు దాటితే మాత్రం ఇరవై దాకా పెరుగుతుంది. ఇక్కడ మన ఆడవాళ్ల బరువు ముఖ్యం. బిళ్ల 200 మిల్లీగ్రాములది. రోజుకి రెండేసి చొప్పున 400 అనేది ఎప్పటినుంచో చేతికి అలవాటైన డోసు. 50 కిలోల మనిషికి 5 చొప్పున కడితే 250 మాత్రమే, ఆవిడ 400 మింగుతుంటే కిలోకి 8 పడుతున్నట్టు. 60 కిలోల మనిషికి ఒకరోజు ఒకటి, మర్నాడు రెండు వేసుకుంటే సగటున 300 అవుతుంది, సరిపోతుంది. బరువు తగ్గినప్పుడు ఈ లెక్క మళ్లీ కట్టాలి. కిడ్నీ సరిగా పనిచేయనివాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ.

మందు మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా కంటి తెర పొరలను చూపే ఓసీటీ స్కాన్, చూపు ఎంత మేర ఆనుతోందో కొలిచే విజువల్ ఫీల్డ్ పరీక్ష చేయించాలి. చూపు బాగానే ఉంది కదా అని వాయిదా వేయడానికి లేదు, చూపులో తేడా తెలిసే వేళకి మందు ఆపినా నష్టం వెనక్కి రాదు. ఆసియా వాళ్లలో ఈ నష్టం కంటి తెర నడిమధ్య కాకుండా కొంచెం దూరంగా మొదలవడం ఎక్కువ. అందువల్ల స్కాన్ కాస్త విశాలంగా తీయమని అడగడం మంచిది. అలాగని ఎవరో కళ్లు పోతాయన్నారని బిళ్లలు మానేయడం ఇంకా పెద్ద పొరపాటు. లూపస్ తిరగబెడితే కిడ్నీలు పోవచ్చు.

కీళ్లకి పనిచేసే ఇంజెక్షన్లన్నీ కంటికి ఒకేలా పనిచేయవన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఎటానర్సెప్ట్ కీళ్లకి మేలు చేస్తుంది, కంటి వాపు మీద అంత బలంగా పనిచేయదు. అడాలిముమాబ్ రెండింటికీ పనిచేస్తుంది. రుమటాలజిస్ట్ మందు ఎంచుకునే వేళకి "రెండుసార్లు కన్ను ఎర్రబడింది" అనే వాక్యం ఫైల్లో లేకపోతే ఆ ఎంపిక తప్పుతుంది. మన దేశంలో ఇంకో చిక్కు క్షయ. టీబీ కూడా అచ్చం ఇలాంటి యువియైటిస్ తెస్తుంది. పైగా ఈ ఇంజెక్షన్లు ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపుతాయి. ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీద చేసే మాంటూ పరీక్ష లేదా దానికి సరిసమానమైన రక్తపరీక్ష చూడకుండా మొదలుపెట్టకూడదు.

కొన్నిటికి రేపు అనే మాట లేదు. కన్ను కదిపితే నొప్పి, రంగులు వెలవెలబోయి ఒకటి రెండు రోజుల్లో చూపు మసకబారడం చూపు నరం వాపు. యాభై దాటినవాళ్లకి కొత్తగా తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, ఒక్క క్షణం చూపు చీకటై రావడం తల రక్తనాళాల వాపు. మన దగ్గర ఇది అరుదు, కానీ అదే రోజు స్టెరాయిడ్ పడకపోతే రెండో కన్ను కూడా పోవచ్చు. గ్రేవ్స్ జబ్బులో కళ్లు ముందుకు పొడుచుకొచ్చినవాళ్లు సిగరెట్ కాలుస్తుంటే మానాల్సింది ఈ రోజే, అంతగా ముదరబెట్టేది మరొకటి లేదు.

ఊళ్లలో ఉండేవాళ్లకి రుమటాలజిస్ట్ దొరకడమే కష్టం. హైదరాబాద్‌లో నిమ్స్ లాంటి చోట కీళ్లవాతానికి ప్రత్యేక విభాగం ఉంది. కంటికి సరోజినీదేవి ఆస్పత్రి, ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఉన్నాయి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో నెలనెలా రెండు చోట్లకీ రావడం అయ్యే పని కాదు. అయితే కంటి ప్రెషర్ చూడటం, స్లిట్ లాంప్ కింద కణాలు లెక్కపెట్టడం జిల్లా కేంద్రంలో ఉన్న కంటి డాక్టరు చేయగలరు. రోగి చేతిలో ఒకే ఒక్క నోటుపుస్తకం ఉంటే చాలు. ఎడమ పేజీలో కీళ్ల మందులు, డోసు, బరువు, వాడటం మొదలుపెట్టిన తేదీ. కుడి పేజీలో కంటి ప్రెషర్ అంకె, కణాల అంకె, ఓసీటీ తీసిన తేదీ. శుక్లం ఆపరేషన్ అవసరమైతే కంట్లో వాపు కనీసం మూడు నెలలు పూర్తిగా సద్దుమణిగి ఉండాలి, ఆ మూడు నెలలు నిజంగా గడిచాయో లేదో చెప్పేది కూడా ఆ కుడి పేజీలోని అంకెలే.